ముడతలు చూద్దామని

"పాత టీవీ బానే ఉందిగా అక్కా, ఇప్పుడీ హెచ్‌డీ ఎందుకు?" అన్నాడు తమ్ముడు, షాపులో బిల్లు వేయించే ముందు.

"వార్తలు చదివే ఆ మహాతల్లి మొహం చూడాలి."

నా మొగుడు నన్నొదిలేసి చేరింది ఆవిడ పంచనే. మా పాత డబ్బాలో ఆవిడ రోజూ కడిగిన ముత్యంలా కనిపిస్తుంది. హెచ్‌డీలో మొహం మీద వెంట్రుక కూడా దాగదని షాపువాడు అన్నాడు. ఇక ఆలోచించలేదు.

టీవీ గోడకి బిగించాక, వార్తల వేళకి దానికి ఆనుకున్నంత దగ్గరగా కూర్చున్నాను. ఆవిడ వచ్చింది. కళ్ళ కింద ముడతలున్నాయి. గడ్డం కింద చర్మం జారింది. నా కడుపు చల్లబడింది.

"చూశావా, ముసల్ది," అన్నాను తమ్ముడితో.

అంతలో ఆవిడ కాస్త తల తిప్పింది. కుడి చెంప మీద, చెవికి దగ్గరగా, పౌడరు మందంగా ఉంది. దాని కింద నీలంగా కమిలిన మచ్చ.

ఆయనది ఎడమచేతి వాటం. సరిగ్గా ఆ చోటే నేనూ ఏళ్ళ తరబడి పౌడరు అద్దుకున్నాను. పక్కన కూర్చున్న తమ్ముడికి కూడా ఏనాడూ తెలియనివ్వలేదు.

ఎప్పటికైనా తిట్టిపోయాలని దాచుకున్న ఆవిడ నంబరు నా ఫోన్‌లో ఉంది. వార్తలు అయ్యాక మొదటిసారి నొక్కాను.

"నేను, ఆయన పెళ్ళాన్ని."

ఆవిడ ఫోన్ పెట్టేసేలోపే అన్నాను.

"రేపు ఆ చెంపకి పౌడరు వేసుకోకుండా కూర్చో. ఇప్పుడు ఊరంతా కొత్త టీవీలే."