మాస్టర్ చేతులు

మోచేతుల దాకా అంటుకున్న పిండి కడిగేసరికి, కింద ఎర్రటి దద్దుర్లు తేలాయి.

మాస్టర్ గబుక్కున చొక్కా చేతులు కిందికి లాక్కున్నాడు.

బేకరీలో అందరికీ ఆయన మాస్టరే. పాఠాలు చెప్పేది మాత్రం పిండికి. కలిపిన ముద్దని అరచేత్తో ఒకసారి తట్టి, అది పొంగుతుందో అలిగి కూర్చుంటుందో చెప్పేస్తాడు.

దురద మొదట మణికట్ల దగ్గర మొదలైంది. తర్వాత మోచేతులకి పాకింది. ఆ తర్వాత మెడకి.

సబ్బు మార్చాడు. బట్టలుతికే పౌడరు మార్పించాడు. వంకాయ మానెయ్యమంది ఇల్లాలు, మానేశాడు.

దురద మాత్రం మొండికేసింది.

ఒక పొద్దున ఓనర్ కంట పడనే పడింది.

"ఏంటన్నా అది?"

"చెమట పొక్కులు."

"ఇంత చలిలోనా?"

మాస్టర్ చొక్కా చేతుల గుండీలు పెట్టుకున్నాడు.

"మైదా పడట్లేదేమో అన్నా. ఈ పని చేసేవాళ్ళకి వస్తుందట. కొన్నాళ్ళు కౌంటర్లో కూర్చో. చేతులకి కాస్త తెరిపి ఇవ్వు."

ఓనర్ మంచివాడు. అందుకే ఆ మాట మరీ గుచ్చుకుంది.

వేరేవాళ్ళు చేసిన బ్రెడ్డుకి కాగితం చుట్టి ఇవ్వడం. చిల్లర ఏరడం. సొంత ఇంట్లో చుట్టంలా కూర్చున్నట్టుండేది ఆయనకి.

ఊపిరాడనప్పుడల్లా షాపు వెనక గోడ దగ్గరికి వెళ్ళి, జేబులోంచి వేప్, అదే ఆ ఎలక్ట్రానిక్ సిగరెట్టు, తీసేవాడు. ఒక్క పీల్పు. పుదీనా వాసనతో తెల్లటి పొగ.

అది కూతురు కొనిచ్చింది, ఉద్యోగంలో చేరిన కొత్తలో.

"సిగరెట్లు మానెయ్ నాన్నా. నాకోసం."

ఆ పూటే పెట్టె నలిపి చెత్తబుట్టలో పారేశాడు. మళ్ళీ ముట్టలేదు. కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు, ఇన్నేళ్ళ అలవాటు మా అమ్మాయి ఒక్క మాటతో మాన్పించిందని.

దురద మొదలైంది ఆ తర్వాతే.

ఆ సంగతి ఆయనకి తట్టకపోలేదు. పైకి అనలేదు, అంతే.

చివరికి కూతురే బలవంతాన చర్మం డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. పరీక్షలు చేయించారు. మైదా కాదు. ఈస్టూ కాదు.

"సిగరెట్లు కాలుస్తారా?" అడిగింది డాక్టరు.

"మానేశానమ్మా." మాస్టర్ తల కొంచెం పైకెత్తి మరీ చెప్పాడు.

"వేప్ వాడతారు," అంది కూతురు.

బల్ల కింద ఆయన కూతురి చెయ్యి నొక్కాడు, ఊరుకోమని.

ఆమె ఊరుకోలేదు. "నేనే కొనిచ్చాను డాక్టర్. నాన్నా, నీకు దురద మొదలైంది అప్పటినుంచే కదా?"

డాక్టరు కాసేపు ఆయన చేతులు తిప్పి తిప్పి చూసింది.

"కావచ్చు. అందులో వాసన కోసం కలిపేవి కొందరికి పడవు. అదేనని గట్టిగా చెప్పలేను. పూర్తిగా ఆపి చూడండి. అలాగని సిగరెట్ల జోలికి మాత్రం వెళ్ళకండి."

బయట మెట్ల మీద కూతురు ఆగిపోయింది.

"నీకు ముందే అనుమానం వచ్చింది కదా?"

"నాకేం తెలుసమ్మా..."

"నాన్నా!"

"నువ్వు ఇష్టంగా కొనిచ్చావు."

"అందుకని నీ పని పోగొట్టుకుంటావా?" కళ్ళు తుడుచుకోకుండానే చెయ్యి చాపింది.

మాస్టర్ జేబులోంచి తీసి ఆ చేతిలో పెట్టాడు.

తర్వాతి రోజుల గురించి ఇల్లాలినే అడగాలి. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. కాఫీలో చక్కెర ఎక్కువైందన్నాడు, తగ్గిస్తే చప్పగా ఉందన్నాడు. తలుపు చప్పుడైతే కసురుకున్నాడు, కాకపోతే ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటన్నాడు.

"మీరు కౌంటర్లో ఉంటేనే నాకు సుఖం," అందావిడ.

ఒక సాయంత్రం కాళ్ళు వాటంతటవే సిగరెట్ల కొట్టు ముందు ఆగాయి. కొట్టతను పాత అలవాటుకొద్దీ పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు.

మాస్టర్ దాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు.

"వేరుశెనగలున్నాయా?"

ఇల్లు చేరేలోపు పొట్లమంతా నమిలేశాడు. దవడలు నొప్పెట్టాయి. గుమ్మంలో చెప్పులు విడుస్తూ, ఎవరో మెచ్చుకున్నట్టు తనలో తనే నవ్వుకున్నాడు.

దద్దుర్లు మెల్లగా మాసిపోయాయి. ఒక రాత్రి గోక్కోకుండా నిద్రపట్టింది. మర్నాడూ పట్టింది.

వేప్ వల్లేనా? డాక్టరు ఇప్పటికీ 'కావచ్చు' అనే అంటుంది.

ఆ వారమే ఓనర్ ముందు రెండు చేతులూ చాపాడు మాస్టర్.

"చూసుకో."

ఓనర్ అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక్క మచ్చ లేదు.

"మరి కౌంటర్లో ఎవరన్నా?"

"అది నీ తలనొప్పి."

ఏప్రాన్ కట్టుకుని లోపలికి నడిచాడు. పిండి గదికీ షాపుకీ మధ్య పెద్ద అద్దం ఉంది. దాని అవతల జనం వరుస కట్టి ఉన్నారు.

మొదటి వాయి ఓవెన్ నుంచి దిగింది. ట్రే ఎత్తుతూ చూస్తే, వరుస చివర కూతురు.

"లోపలికి రామ్మా, నీకు లైనేంటి?" కేకేశాడు ఓనర్.

"వద్దు బాబాయ్. అందరితో పాటే."

ముందు నిలబడ్డ ముసలావిడ వేడి బ్రెడ్డు వాసన పీల్చి, వెనక్కి తిరిగి ఆమెని ఏదో అడిగింది.

కూతురు అద్దం వైపు వేలు చూపించింది.

మాస్టర్ అటు చూడనట్టే, రెండో వాయి పిండి మీదికి వంగాడు.