ఉయ్యాల వంతు

ఆపరేషన్ గదికి తీసుకెళ్ళే ముందు లిపి అనే నర్సు సేబతి పాదాల పారాణి తుడిచేసింది.

పెళ్ళయిన నాటి నుంచి ఆ పాదాలను ఎర్రదనం లేకుండా ఎవరూ చూడలేదు.

"దిగులు పడకు మావుసీ, మళ్ళీ పెట్టుకుందువు గాని," అంది లిపి, సొంత పిన్నితో అన్నట్టు.

సేబతి కళ్ళు మూసుకుంది. మంచం మెల్లగా ఊగినట్టయింది.

కిందటేడు రజో పండగ, భూమాత రజస్వల అయ్యే రోజులని ఒడిశా ఆడవాళ్ళు ఉయ్యాలలూగే పండగ. మామిడికొమ్మకు ఉయ్యాల. మబ్బులు చేతికందేటంత కిందికి దిగాయి. నెలసరి ఆగి ఎన్నో ఏళ్ళయిన సేబతి చీరకు ఆ ఉదయం మరక.

"భూమాతతో పాటు మా సేబతి అపా కూడా రజస్వల అయిందర్రా!" వరసకు చెల్లెలైన ఝరణా చప్పట్లు కొట్టింది.

"ఇక బావగారికి నిద్ర ఉండదు!" అంది ఇంకొకతె.

నవ్వుల మధ్య ఆమె పాదాలకు పారాణి దిద్ది, ఉయ్యాల రాణిని చేసి కూర్చోబెట్టారు.

అప్పుడొచ్చింది ఎవరో ఒకావిడ. ఎండిపోయిన మనిషి. నెత్తిన కొంగు.

"నన్నొక్కసారి ఊగనిస్తారా?"

"ఏ ఊరు నీది?"

ఆమె సేబతి పాదాలే చూస్తోంది.

"అపా, ఆగిపోయింది మళ్ళీ కనబడితే అది వరం కాదు. ఒక్క చుక్కయినా సరే, ఆసుపత్రికి వెళ్ళు. గర్భసంచి లోపలి పొర మందం స్కానింగులో చూస్తారు. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తారు."

ఉయ్యాల తాళ్ళ కిర్రు ఆగింది.

"పండగ పూట నీ నోట మంచి మాట రాదా? మా రాణిని చూస్తే ఒళ్ళు మండుతోందా?" అంది ఝరణా.

గాలికి ఆ వచ్చినావిడ కొంగు జారింది. తల నున్నగా ఉంది.

"మొక్కుకు జుట్టిచ్చినట్టుంది. బుద్ధి కూడా ఇచ్చేసింది కాబోలు!"

అందరూ నవ్వారు. సేబతీ నవ్వింది.

"పై ఏడు రావమ్మా, నీ వంతు ఇస్తాలే," అంది పైకి ఊగుతూ.

ఆమె కొంగు సర్దుకుంది. "తప్పకుండా వెళ్ళు అపా," అని వాన మసకలో కలిసిపోయింది.

మరకలు ఆ తర్వాతా వచ్చాయి. వచ్చినప్పుడల్లా సేబతి సిగ్గుపడి నవ్వుకుంది. నొప్పి మొదలయ్యాక గాని కటక్ ఆసుపత్రికి బస్సెక్కలేదు. "మొదటి చుక్కప్పుడే వచ్చి ఉంటే..." అని డాక్టరమ్మ మాట మధ్యలో ఆపేసింది.

"మీ పల్లెల ఆడవాళ్ళంతా ఇంతే మావుసీ." లిపి ఎర్రబడిన దూది పారేసింది. "ఈ మంచం మీదే ఉండేది బినోదినీ మావుసీ. మందులకు జుట్టంతా ఊడిపోయింది. అయినా కిందటేడు రజోకు పట్టుబట్టి ఇంటికెళ్ళి, ఊరూరా ఉయ్యాలల చుట్టూ తిరిగొచ్చింది. చలికాలంలో పోయింది."

సేబతి కళ్ళు తెరిచింది.

"ఉయ్యాలల దగ్గరికే ఎందుకు?"

"మరక కనబడ్డ ఏడు, వాళ్ళ ఊళ్ళో ఆవిడనూ ఉయ్యాల రాణిని చేశారట. ఆ పారాణి తుడిచిందీ నేనే."

సేబతిని స్ట్రెచర్ మీదికి మార్చారు. అది కదిలింది.

కిటికీ బయట రజో మబ్బులు. ఊళ్ళో ఈపాటికి ఉయ్యాల కట్టే ఉంటారు.

ఆవిడకు ఇస్తానన్న వంతు ఇంకా ఇవ్వలేదు.