అడుగున అంకె లేని సీసా

"దీని అడుగున అంకె ఏదండీ?"

పాలసీసాను తలకిందులు చేసి అడిగాడు కళ్లద్దాల మనిషి. షాపాయన కౌంటరు మీంచి తొంగి చూశాడు.

"అంకేంటి సార్?"

"త్రికోణం ముద్రలో ఉంటుంది. ఏ రకం ప్లాస్టిక్కో అదే చెబుతుంది. దీనికి ముద్రే లేదు." అంతటితో ఊరుకోకుండా సీసా మూత తీసి వాసన చూశాడు. "ఇదేం కంపండీ బాబూ! ఇందులో పసిపిల్లలకు పాలా?"

వచ్చినవాళ్లు ధర అడుగుతారు, రంగు అడుగుతారు. ముద్ర అడిగేది ఎవరు? తనిఖీ ఆఫీసరే! చంకలో ఆ సంచీ, ఆ కూపీ లాగే వాలకం చూస్తే తెలియడం లేదూ? షాపాయన చూపు కౌంటరు కిందికి పోయింది. అలాంటి సీసాలే కౌంటరు కింద పెట్టెడు ఉన్నాయి. చవగ్గా వచ్చాయని తెచ్చినవి, మరిగే నీళ్లు పోస్తే గుప్పుమనేవి. దొరికితే షాపుకు తాళమే.

సరిగ్గా అప్పుడే మేడ మీది ఇంట్లోంచి భార్య టీ తెచ్చింది. "త్వరగా తాగండి, మనవరాలు లేచే వేళైంది."

ఆయన పెట్టెను చాటుగా ఆమె చేతుల్లోకి తోసి గుసగుసలాడాడు. "ఇది పైకి పట్టుకెళ్లు. ఎవరి కంటా పడనీయకు."

"ఎందుకండీ?"

"చెప్పింది చెయ్యవే!"

ఆమె మొగుణ్ణి ఎగాదిగా చూసి మెట్లెక్కింది.

షాపాయన మొహాన నవ్వు పులుముకుని అరలోంచి మరో సీసా తీశాడు. "అదేదో పొరపాటున కలిసిపోయింది సార్. ఇదిగో, త్రికోణంలో ఐదు, పాలకు పనికొచ్చే రకం. వాసన కూడా చూసుకోండి."

కళ్లద్దాల మనిషి చూశాడు, నొక్కాడు, వెలుతురులో పెట్టి గీతలున్నాయేమోనని వెతికాడు. షాపాయన ఉండబట్టలేకపోయాడు.

"తమరిది ఏ ఆఫీసు సార్?"

"ఆఫీసా? నేను టైలర్నండీ. మొన్ననే పాప పుట్టింది. అందుకే ఈ చాదస్తం."

ఓస్, టైలరా! బతుకుజీవుడా అనుకున్నాడు షాపాయన. టైలరు అటు వెళ్లాడో లేదో, పెట్టెను కిందికి తెచ్చి మళ్లీ అమ్మకానికి పెడదామని హుషారుగా మెట్లెక్కాడు.

పెట్టె తెరిచి ఉంది. భార్య ఒళ్లో మనవరాలు, నోట్లో సీసా.

"మరిగే నీళ్లతో కడిగి మరీ పట్టానండీ, సగం పాలు అప్పుడే లాగించేసింది," అంది భార్య మురిసిపోతూ. "ఎవరి కంటా పడనీయొద్దన్నప్పుడే అనుకున్నా, మంచివన్నీ మన పిల్ల కోసం దాచారని!"