వీపు మీది మాట

బెంగళూరు కాటన్‌పేటలో తన మిద్దె మీద, చీకటి పడే వేళ దండెం ముందు నిలబడి నాగవేణి పళ్ళు నూరింది. బడి తెరిచేలోపు మరక పోవాలని మధ్యాహ్నం రుద్ది రుద్ది ఉతికిన కూతురు చందన యూనిఫాం వీపు మీద మళ్ళీ అదే మాట: ‘గూబె’. కన్నడంలో గుడ్లగూబ అని; ఆ పిల్ల లావు కళ్ళద్దాలకు తొమ్మిదో తరగతి పిల్లలు పెట్టిన పేరు అది. ఏడాదంతా వెనక బెంచీ వాళ్ళు రాయడం, తను ఉతకడం. మిస్సుకు చెప్పుకుంటే, “పిల్లలన్నాక ఆటలాడుకోరా” అని నవ్వేసింది.

కానీ బడికి సెలవులిచ్చి వారమైంది. వేలితో తాకితే సిరా ఇంకా తడిగానే ఉంది.

నీళ్ళ ట్యాంకు వెనక ఎవరో పెన్ను మీట నొక్కుతున్నారు. టిక్. టిక్.

“ఎవరప్పా అది?”

ఫోను లైటు వేసి చూసింది. చీకట్లో చందన ముడుచుకుని కూర్చుని ఉంది. చేతిలో నీలం పెన్ను.

“నువ్వా? నువ్వెందుకు రాసుకుంటాండావే?”

“బడి లేదు గదమ్మా,” అంది చందన మెల్లగా. “ఎవరో ఒకరు రాయల్ల గదా.”

ఎవరి మీదో తెలియని కోపంతో నాగవేణి ఆ పెన్ను లాక్కుని గుప్పిట్లో బిగించింది. చందన ఖాళీ చేతులు ఒళ్ళో పడి ఉన్నాయి.

నాగవేణి గుప్పిట్లో టిక్ టిక్ మాత్రం ఆగలేదు.