ఆవిడ భాష

“మంచినీళ్లు కావాలా?” అన్నాడు రంగుల మేస్త్రీ.

మంచం మీది భార్య తల అడ్డంగా ఊపింది. ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుని మళ్లీ ఆ మాటే అంది, నెమ్మదిగా, బతిమాలుతున్నట్టు. అది ఆవిడ పుట్టింటివాళ్ల భాష. మేస్త్రీకి తెలియదు.

“దుప్పటి కప్పనా? దిండు ఎత్తు పెట్టనా? ఏం కావాలో చెప్పవే.”

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యి మాత్రం వదల్లేదు.

“ఊరుకో నాన్నా,” అంది గుమ్మంలో నిలబడ్డ కూతురు. “డాక్టరు చెప్పాడుగా. తలలో నరం చిట్లి, తర్వాత నేర్చుకున్న మన మాటలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. చిన్నప్పటివే మిగిలాయి. ఏదో కలవరింత అనుకో.”

“కలవరింతైతే నా చెయ్యెందుకు పట్టుకుంటుందే?”

కూతురు గుమ్మం దాటి దగ్గరికి రాలేదు. మొన్న తనని చూసి అమ్మ ఎవరో పరాయిమనిషి వచ్చినట్టు దండం పెట్టింది. ఇంటిల్లిపాదిలో ఆవిడ గుర్తుపడుతున్నది మేస్త్రీ ఒక్కణ్ణే. ఆ ఒక్కడికీ ఆవిడ మాట అర్థం కావడం లేదు.

మర్నాడు మేస్త్రీ వీధి చివర లాండ్రీకి వెళ్లాడు. అక్కడ బట్టలు మడతపెట్టే అమ్మాయిది ఆవిడ పుట్టింటి వైపే. కొత్తగా వచ్చింది. గిరాకీలు ఏమడిగినా బిక్కమొహం వేస్తోందని యజమానురాలు రోజూ చీవాట్లు పెడుతోంది.

“నీ భాష నాకు నేర్పు. మా భాష నీకు నేర్పుతాను,” అన్నాడు మేస్త్రీ, సగం నోటితో, సగం చేతులతో.

యజమానురాలు పకపకా నవ్వింది. “ఈ వయసులో నాలుక తిరుగుతుందా మేస్త్రీ?”

“ఎన్ని గరుకుగోడలు నున్నగా చేశానమ్మా. నా నాలుకెంత?”

మధ్యాహ్నం మిషన్లు ఆపినప్పుడు ఇద్దరూ బట్టల మూటల మధ్య కూర్చునేవాళ్లు. సగం సేపు ఆ భాష, సగం సేపు ఈ భాష. ఆ అమ్మాయి చొక్కా ఎత్తి పట్టుకుని ఒక మాట అనేది. మేస్త్రీ తిరిగి అనేవాడు, నోట్లో గోడకి పట్టే లప్పం కుక్కుకున్నట్టు. ఆ అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వేది. ఆమె వంతు వచ్చినప్పుడు ఈయన నవ్వేవాడు. ఒకరోజు ఆ అమ్మాయి కోటు వేసుకున్న పెద్దమనిషితో, “ఏరా, మరక పోలేదు, ఏం చెయ్యమంటావ్?” అనేసింది. యజమానురాలు నెత్తి బాదుకుంది.

“అది నిచ్చెన పట్టుకునే కుర్రాళ్లతో అనే మాటే తల్లీ. నా నోటికి అదే అలవాటు,” అన్నాడు మేస్త్రీ. “పెద్దవాళ్లని అండీ అనాలి.”

“నిన్ను కూడానా బాబాయ్?”

“నన్నేమైనా అనొచ్చు.”

కొన్నాళ్లకి ఆ అమ్మాయికి మాటలు బాగా వచ్చాయి. ఈయన ఇంకా తడబడుతూనే ఉన్నాడు. చూసి చూసి ఒకరోజు అంది.

“ఎందుకు బాబాయ్ ఇంత అవస్థ? నేను మీ ఇంటికొచ్చి పిన్ని ఏమంటోందో విని చెప్పేస్తాను. నిమిషం పని.”

“వద్దు.”

“ఏం?”

“ఇన్నేళ్లు కాపురం చేసి, నా పెళ్లాం ఏమంటోందో ఇంకొకళ్లు చెబితే తెలుసుకోవాలా? నా చెవినే పడాలి. నా నోటితోనే జవాబివ్వాలి.”

“మరి ఇన్నేళ్లూ ఎందుకు నేర్చుకోలేదు?”

మేస్త్రీ గోళ్లలో ఎండిపోయిన రంగు గీకుతూ కూర్చున్నాడు. “మా భాష అదే నేర్చుకుందిగా. నాకు అవసరం పడలేదమ్మా.”

 ఆ రోజు ఆ అమ్మాయి తన వంతు కూడా ఆయనకే ఇచ్చేసింది.

ఒక సాయంత్రం మేస్త్రీ పనినుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. ఆవిడ ఎప్పటిలాగే చెయ్యి చాపి మణికట్టు పట్టుకుంది. ఎప్పటి మాటే అంది. మేస్త్రీ ఊపిరి బిగబట్టి విన్నాడు. మసి తుడిచిన అద్దంలోంచి చూసినట్టు, ఒక్కొక్క మాటా కనబడింది.

“ఎంతసేపూ నేనే మాట్లాడాలా? మీరొక్క మాటైనా నాకు తెలిసేలా అనరేం?”

 నీళ్లు కాదు, దుప్పటి కాదు, దిండు కాదు.

“అమ్మాయ్,” అని పిలిచాడు. “మీ అమ్మ ఏమంటోందో నాకు అర్థమైందే. నన్ను మాట్లాడమంటోంది. అంతే.”

వంటింట్లోంచి వచ్చిన కూతురు పైకే ఏడ్చేసింది. “అయితే మాట్లాడు నాన్నా. ఇంకా చూస్తావేం?”

మేస్త్రీ పెదాలు తడుపుకున్నాడు. పరీక్షకి కూర్చున్న పిల్లాడిలా ఉంది ఆయనకి. ఒక్కొక్క మాటే పేర్చుకుంటూ, ఎక్కడా తడబడకుండా, ఆవిడ భాషలో అన్నాడు:

“మాట్లాడతానే. ఇకనుంచీ నీ మాటల్లోనే మాట్లాడతాను. నీకెంతసేపు కావాలంటే అంతసేపు.”

ఆవిడ ముఖం విప్పారింది. జబ్బు చేసిన తర్వాత ఆ వెలుగు ఎవరూ చూడలేదు. కూతురు గబగబా దగ్గరికొచ్చింది.

అంతలో ఆవిడ తన చేతివంక చూసుకుంది. మేస్త్రీ మణికట్టు వదిలేసింది. దుప్పటి మెడదాకా లాక్కుని, గోడవైపు జరిగి ఒద్దికగా కూర్చుంది.

“మీది మా ఊరాండీ?” అంది. “ఎన్నాళ్లకి విన్నాను మన మాట. మా ఆయన ఏరీ? ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నారే.”

“నేనేనే,” అన్నాడు మేస్త్రీ, ఆ భాషలోనే. “నేనే మీ ఆయన్ని.”

ఆవిడ పైవాళ్ల ముందు నవ్వే చిన్న నవ్వు నవ్వింది.

“మీరెలా అవుతారండీ? మా ఆయనకి మా భాష రాదు.”