తాళం తీసినవాడు

రెండోసారి మోగగానే అవతలి మనిషి ఫోన్ ఎత్తాడు.

సుధ గొంతు మార్చుకుంది. తనది పెనుకొండ అని, నెట్‌లోంచి ‘గొర్రెలదారి’ ఆట దింపుకున్నానని, అది తెరుచుకోవడం లేదని అబద్ధం చెప్పింది.

అతను విసుక్కోలేదు. ఏది నొక్కాలో, ఏ ఫైలు ఎక్కడ పెట్టాలో అరగంట సేపు చెప్పాడు. చివరికి తన అంగడి అడ్రసు కూడా ఇచ్చాడు.

"అప్పటికీ కాకపోతే ధర్మవరం రాండక్కా. నేనే ఎక్కించిస్తా. దుడ్లేం వద్దు."

దుడ్లేం వద్దు. డబ్బు వద్దన్న ఆ మాట సుధకు ముల్లులా దిగింది.

ఆ ఆట చేసింది ఆమే.

హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసుకుంటూ మూడేళ్లు ఒంటరిగా కూర్చుని చేసింది. వాన పడని ఏడు ఒక ఆడమనిషి తన మందను మేత కోసం ఊరూరా తోలుకుపోవడమే ఆట. గొర్రెలను అదిలించే గొంతు కోసం లేపాక్షి దగ్గర పల్లెలో ఉన్న అవ్వ చేత పదిసార్లు పలికించుకుంది.

దాన్ని ఒక చిన్న వెబ్‌సైట్‌లో అమ్మకానికి పెట్టింది. కొన్నవాళ్లు తక్కువ. నిరుడు ఆ వెబ్‌సైటే మూతబడింది. దాంతో కొన్నవాళ్లకు కూడా ఆట తెరుచుకోవడం మానేసింది.

ఆ తర్వాత ఎవరో ఆటకు వేసిన తాళం విరిచి, కొనకపోయినా తెరుచుకునేలా చేసి ఊరికే పంచుతున్నారని తెలిసింది. అప్పటికే నాలుగు వేల మంది దింపుకున్నారు. కింద ఒక ఫోన్ నంబరు, తెరుచుకోకపోతే అడగమని ఒక మాట.

ఆ నంబరుకు ఫోన్ చేసిన మరునాడే సుధ ధర్మవరం రైలెక్కింది. పెనుకొండ వచ్చేదాకా ఏం తిట్టాలో కూర్చుకుంది. పెనుకొండ దాటాక తిట్టి లాభం లేదనుకుంది. వాడికి నష్టం అంటే ఏమిటో తెలియాలి.

ఫోన్లో మాట్లాడిన మనిషి పేరు ఎర్రిస్వామి, అతనిది చిన్న అంగడి. మగ్గాల వాళ్లకు పట్టుచీరల డిజైన్లు కంప్యూటర్‌లో గీసిస్తాడు. నలభై ఏళ్లుంటాయి. సుధ ల్యాప్‌టాప్ అందుకుని ఆట ఎక్కించడం మొదలుపెట్టాడు.

సుధ ఫోన్ కెమెరా తెరిచి వీడియో తీస్తూ పట్టుకుంది.

"ఇది ఎవరు చేసిన ఆటో తెలుసునా నీకు?"

"తెలుసునక్కా. హిందూపురం సుధ అని. ఆయమ్మ చేసినట్ల ఇంకెవురూ చేయలేరు."

"ఆ సుధను నేనే."

ఎర్రిస్వామి లేచి నిలబడ్డాడు. భయపడతాడనుకుంది. అతను తన కుర్చీ తుడిచి ఆమె వైపు జరిపాడు. దాంతో ఆమెకు ఇంకా ఒళ్లు మండింది.

ఎవరినడిగి పంచావని నిలదీసింది. ఆమె అడ్రసు దొరకలేదని, వెబ్‌సైట్ వాళ్లకు నాలుగుసార్లు రాసినా జవాబు రాలేదని అతను చెప్పాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"వాళ్లు అంగడి మూసేస్తే కొన్నోళ్లు యాడికి పోవల్లక్కా? కొన్న వస్తువు కొన్నోనిది కాదా?"

"కొన్నోళ్లకు నేను చెప్పుకుంటా. మధ్యలో నువ్వెవరప్పా?"

అతను ఏదో చెప్పబోయాడు. కెమెరా వైపు చూసి ఊరుకున్నాడు.

ఆమె చెప్పినట్టే నెట్‌లో పెట్టింది తీసేశాడు. తన కంప్యూటర్‌లో ఉన్నదాన్ని కూడా చెరిపేశాడు. చేసింది దొంగతనమని ఒప్పుకోమంటే తల వంచుకుని ఒప్పుకున్నాడు.

"కొన్నోళ్ల కోసరం చేసినా. అయినా దొంగతనమే."

ఇంటికి వచ్చాక సుధ వీడియోలోంచి ‘కొన్నోళ్ల కోసరం’ అన్న ఆ మొదటి మాట కత్తిరించేసింది.

ధర్మవరంలో డిజైన్ గీసేవాడికి నమ్మకమే కూడు. ఒకరికి గీసిన అంచు ఇంకొకరి మగ్గం మీద కనబడితే ఆ అంగడి గడప ఇక ఎవరూ తొక్కరు. ఆ సంగతి సుధకు తెలుసు. తెలిసే, వీడియో మీద అతని పేరు, వీధి పేరు రాసి చీరల వ్యాపారుల గ్రూపులన్నిటికీ పంపింది.

రెండు రోజుల్లో నేతగాళ్లు ఒక్కొక్కరే వచ్చి తమ డిజైన్లు తీసుకుపోయారు. ఆటను దోచినవాడు మన అంచులను వదులుతాడా అన్నాడట పది మగ్గాలున్న వెంకటప్ప.

నెల తిరగకముందే అంగడి ఖాళీ అయింది. ఎర్రిస్వామి పెళ్లాం పిల్లలతో బెంగుళూరు పోయాడని, అక్కడ ఏదో అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌గా చేరాడని ఎవరో వీడియో కింద రాశారు.

సుధ దాన్ని రెండుసార్లు చదివింది. ఆ పూట ఇంకో రాగిముద్ద పెట్టించుకుని తిన్నది.

మూడు నెలల తర్వాత, మూతబడిన వెబ్‌సైట్ వాళ్ల నుంచి మెయిల్ వచ్చింది. ఆట కొన్నవాళ్ల పేర్లు పంపుతున్నామని, వాళ్లకు కొత్త కాపీలు ఆమే ఇచ్చుకోవచ్చని.

పేర్లు తేదీల వరుసలో ఉన్నాయి.

ఆ వరుసలో మొదటి మనిషిని సుధ ఎన్నోసార్లు తలుచుకుంది. ఆట పెట్టిన నలభై రోజుల దాకా ఒక్కరూ కొనలేదు. ఇక చాలు, కంప్యూటర్ అమ్మేస్తానని అమ్మతో చెప్పేసింది కూడా. ఆ మరునాడు ఎవరో కొన్నారు. కొని, పేరు లేకుండా రెండు మాటలు రాశారు. ‘మీ ఆట చూసి మాయమ్మ చానా రోజులకు నవ్వింది. ఇంకా చేయండి.’

సుధ ఆ మాటలను కాగితం మీద రాసి గోడకు అంటించుకుంది. కంప్యూటర్ అమ్మలేదు. ఆ మనిషెవరో తెలిస్తే కాళ్లకు మొక్కాలనుకునేది.

కొత్త కాపీ ముందు ఆ మనిషికే పంపాలని మొదటి వరుస మీద వేలు పెట్టి చదివింది.

ఎర్రిస్వామి, ధర్మవరం.