ఎదురెక్కిన జెల్లలు

"ఇంకెంతసేపు నిలబడతవ్ అత్తమ్మా? గంపల బురద తప్ప ఏమొస్తలేదు" అంది గట్టు మీద నుంచి కోడలు సుకన్య.

నేను మోకాళ్ల లోతు వాగులో ఉన్నాను. మృగశిర కార్తె, అదే మా మిరుగం నాడు, చేపల కూర తినని ఏడాది నాకు లేదు. పాత ఆనకట్ట ఉన్నప్పుడు కొత్త నీటికి ఎదురెక్కే జెల్ల చేపలు దాన్ని దాటలేక వెనక్కి పడేవి. కింద గంప పెడితే చాలు. పగుళ్లిచ్చిందని పోయిన ఎండాకాలం దాన్ని కూలగొట్టారు.

"కట్ట కూలగొట్టినోళ్ల చేతులు పడిపోను! పండుగపూట నా నోట్లె మన్ను కొట్టిరి" అన్నాను.

ఇంతలో ఫోను మోగింది. సుకన్య స్పీకరు పెట్టింది. వాగుకు ఎగువన, తాడ్వాయి దగ్గర ఉండే మా అక్క.

"చెల్లే! మా ఇంటెనక వాగుల జెల్లలే జెల్లలు! పెండ్లయి వచ్చినసంది ఒక్కదాన్ని సూడలే. అన్నిటి కడుపుల గుడ్లే!"

నా గంప నీళ్లలోకి ఒరిగిపోయింది. చేప కోసిన ప్రతిసారీ గుడ్లు చూసి మురిశానే గాని, అవి ఎక్కడ పెట్టడానికి పోతున్నాయో ఒక్కనాడూ అనుకోలేదు.

"అక్కా, వాటిని పట్టకు. గుడ్లు పెట్టనియ్యి."

"ఓహో! నలభై ఏండ్లు నువ్వు తింటివి. నేను గంప ముంచంగనే నీతులు యాదికొచ్చినయా?"

నేను ఒరిగిన గంప ఎత్తుకుని గట్టెక్కాను.

ఆ మిరుగం నాడు మా ఇంట్లో పప్పు ఉడికింది. అక్క ఏం వండిందో అడగడానికి నాకు ఇప్పటికీ నోరు రాలేదు.